స్కాన్ పీడీఎఫ్ గారికి తిరుపతి నుంచి ఒక దండం

మహారాజశ్రీ స్కాన్ పీడీఎఫ్ గారికి,

నిన్న సాయంత్రం నుంచి మీ సేవలోనే ఉండాను సామీ. "మా డేటా అంతా ఇచ్చేస్తాం, మీలాంటి పిల్లోళ్ళు యాప్‌లు చెయ్యాల" అని స్టేజీ ఎక్కి చెప్పిన మ్యూజియం వాళ్ళు, మధ్యాహ్నమంతా నన్ను వరండా బెంచీ మీద కూర్చోబెట్టి, ఆఖర్న విగ్రహాల జాబితా ఇదే అని మిమ్మల్ని మెయిల్లో పంపించినారు. మొదటి పేజీ అడ్డంగా, రెండోది తలకిందులు, మూడోదాంట్లో ఎవరిదో బొటనవేలు. పోనీలే, మెడ తిప్పుకోని చదువుకుంటా.

నేనడిగింది ఏమంత పెద్ద కోరిక కాదు, ఏ విగ్రహం ఏ ఊర్లో దొరికిందో మ్యాపు మీద పెడదామని. గుడిమల్లం లింగం సంగతి లోకమంతా తెలుసు, అదే ఏదో చిన్నూరి చెరువులో దొరికిన నంది ఇప్పుడెక్కడుందో ఆ ఊరోళ్ళకే తెలీదు. మీలో "నంది" అని కొట్టి వెతికితే ఏమీ లేదంటారు, కళ్ళెదురుగా నంది కనపడతా ఉంటే! ఫొటోలోని అక్షరాలు చదివి పెట్టే సాఫ్ట్‌వేర్, అదే ఓసీఆర్, పెడితే చెరువు కాస్తా చెరుకు అయింది. దొరికిన చోటు అనే కాలమ్‌లో పైన ఒక ఊరు పేరు, కిందంతా డిట్టో, పేజీ మారినా డిట్టో. వరస ఒక్కసారి మారిందంటే ఏది దేనికి డిట్టోనో ఏడుకొండలవాడికే ఎరుక.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వాళ్ళు కాపీరైట్ తీరిన వాటి ఫొటోలు 2017లోనే సీసీ జీరో కింద వదిలేసినారు, ఎవరైనా ఏమైనా చేసుకోండని. 2018లో ఏపీఐ ఇచ్చినారు, అంటే మన యాప్ నేరుగా వాళ్ళ డేటాని అడిగి తెచ్చుకునే దారి, దానికి పాస్‌వర్డు లాంటి కీ కూడా అడగరు. చోళుల కాలం కంచు పార్వతి ఉంది అక్కడ, 57.51.3 నంబరు. అలిపిరి కాడ టీ తాగతా ఫోన్లో అడిగినా ఆ తల్లి ఎత్తు 69.5 సెంటీమీటర్లని వచ్చేస్తుంది. లండన్ టేట్ మ్యూజియం వాళ్ళు 2013లోనే 70 వేల దాకా కళాకృతుల వివరాలు, ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఫైళ్ళు పంచుకునే గిట్‌హబ్ సైట్లో పడేసినారు. సముద్రం అవతలి పార్వతి పలకతాది, సిటీ బస్సు దూరంలో ఉండే నంది మాత్రం పలకదు.

ఇదంతా ఓర్చుకుందును. రాత్రి జూమ్ చేస్తే మీ పాదాల కాడ ఏముంది సామీ? "షీట్1"! అంటే మీరు పుట్టింది ఎక్సెల్‌లోనే! ఎక్సెల్‌ని ప్రింటు తీసి, పేజీ పేజీకీ సంతకం పెట్టి, సరిగ్గా ఊరి పేరు మీదే రౌండ్ సీలు గుద్ది, మళ్ళీ స్కాన్ చేసి పంపినారు! ఉడికిన అన్నం ఎండబెట్టి, ఇదిగో బియ్యం, వండుకో అన్నట్టు. ఫోన్ చేస్తే "ఎక్సెల్ ఇస్తే ఎవురైనా మార్చేస్తారు కదండీ" అంట. మారిస్తే నా కాపీ మారతాదయ్యా, మీ గోడౌన్‌లో నందికి తోక పెరగదు కదా!

నీ లోపల ఒక్క వరస మాత్రం నాకిష్టం, దాచడం ఎందుకు. "వినాయకుడు, రాయి, తొండం విరిగినది, పొలం దున్నగా బయటపడెను, రైతు ఇవ్వనన్నాడు, బతిమాలి తెచ్చితిమి." అది రాసిన మహానుభావుడి మీద నాకేం కోపం లేదు. దాని కింద వరసలో డిట్టో అని ఉంది చూడు, అక్కడే ఏడుపొచ్చింది. తొండం డిట్టోనా, రైతు డిట్టోనా?

రేపు మళ్ళీ వస్తా ఉండా. ఆ షీట్1 ఫైలు ఇయ్యమని చెప్పు. సీలు లేకుండా ఇవ్వకూడదంటే నా నుదుటి మీద గుద్దమను, పర్లేదు.