మేడమ్, హెచ్‌ఓడీ సార్ అర్జెంట్‌గా రమ్మంటున్నారు

ఈరోజు మూడో అవర్, కంట్రోల్ సిస్టమ్స్. నైక్విస్ట్ ప్లాట్ (సిస్టమ్ స్థిరంగా ఉంటుందో లేదో చెప్పే గ్రాఫ్) బోర్డు మీద సగం గీశాను. మైనస్ వన్ పాయింట్ చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో చెప్పండర్రా అంటే, ఏనాడూ నోరు విప్పని లాస్ట్ బెంచీ అబ్బాయి ఒకడు చెయ్యెత్తాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో అటెండర్. "మేడమ్, హెచ్‌ఓడీ సార్ అర్జెంట్‌గా రమ్మంటున్నారు."

హెచ్‌ఓడీ అంటే మా డిపార్ట్‌మెంట్ హెడ్. అర్జెంట్ అన్నారు కదా అని చేతికి చాక్‌పీసు పొడి కూడా దులుపుకోకుండా వెళ్లాను. టేబుల్ మీద నా కోర్స్ ఫైల్, అంటే నేను చెప్పే సబ్జెక్టు రికార్డు. ఆయన చేతిలో పెన్సిల్. మొదటి పేజీలో డిపార్ట్‌మెంట్ విజన్, అంటే మా దూరదృష్టి ఏంటో చెప్పే వాక్యం. అందులో ఒక పదం చుట్టూ సున్నా. "అమ్మా, ఇది పాత విజన్ కదా, కొత్తదాంట్లో గ్లోబల్లీ కాంపిటెంట్ అని చేర్చాం, చూసుకోలేదా?" అంతే, ఇంకేమీ లేదు. ఇదే ముక్క లంచ్‌లో చెప్తే ఏమయ్యేది సార్ అన్నాను. "రేపు ఆడిట్ కదమ్మా, నా టెన్షన్ నాది." ఆ పేజీ మళ్లీ ప్రింట్ తీసి, విప్పి, పెట్టి, క్లాసుకి పరిగెత్తేసరికి బెల్ కొట్టేశారు. ఆ అబ్బాయి ఏం చెప్పబోయాడో నాకు తెలీదు. వాడు మళ్లీ చెయ్యెత్తుతాడన్న నమ్మకం కూడా లేదు.

ఇంజినీరింగ్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ వాళ్ల పాత ఫార్మాట్‌లో మొదటి క్రైటీరియనే విజన్, మిషన్. కాబట్టి మా డిపార్ట్‌మెంట్‌కి దూరదృష్టి ఉంది. వరండాలో ఫ్రేమ్ కట్టి ఉంది, ల్యాబ్‌లో ఉంది, ల్యాబ్ మాన్యువల్‌లో ఉంది. ల్యాబ్‌లో సగం సీఆర్‌ఓలు (సిగ్నళ్లని తెర మీద చూపే పరికరాలు) పనిచేయవు, అది వేరే సంగతి. కొత్తవి కావాలని ఇండెంట్ రాసిస్తే "మేనేజ్‌మెంట్ ఒప్పుకోదమ్మా" అంటారు. ఫ్రేములకి ఒప్పుకుంది మరి!

అసలు ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో హెచ్‌ఓడీ అంటే ఏంటో ఎవరైనా చెప్పండి. సీఎల్ అడిగితే "నా చేతిలో ఏముందమ్మా, ప్రిన్సిపాల్ గారిని అడుగు." ప్రిన్సిపాల్ దగ్గరికెళ్తే "మీ హెచ్‌ఓడీ ఫార్వర్డ్ చేశారా?" ఫార్వర్డ్ చేయాలంటే నా క్లాసులు ఎవరు తీసుకుంటారో వాళ్లందరి సంతకాలతో అడ్జస్ట్‌మెంట్ షీటు. పిల్లాడికి జ్వరం అని ఫోన్ వస్తే ముందు సంతకాల కోసం మూడు ఫ్లోర్లు తిరగాలి. జీతాలు ఆలస్యమైతే ఈయన నోట మాట రాదు. అదే మనం బయోమెట్రిక్‌లో రెండు నిమిషాలు లేటైతే గ్రూపులో ఎర్ర అక్షరాల లిస్టు పెట్టేది కూడా ఈయనే. పైవాళ్ల ముందు పిల్లి, మా ముందు పులి.

"మీరు ఆ కుర్చీలో కూర్చుంటే తెలుస్తుంది మేడమ్" అని కామెంట్ పెట్టబోయే వాళ్లు ఆగండి. తెలుసు నాకు. ఆ అలవెన్స్ పెట్రోలుకి కూడా రాదని తెలుసు, రాత్రి పదింటికి సెక్రటరీ గారి నుంచి ఫోన్లు వస్తాయనీ తెలుసు. నేను అడిగేది ఒకటే, పైనుంచి పడే పిడుగుల్లో ఒక్కటైనా మీరు ఆపారా, అన్నీ యథాతథంగా మా మీదకి ఫార్వర్డ్ చేయడమేనా? ఆ పనికి పీహెచ్‌డీ ఎందుకు, వాట్సాప్ చాలదా?

సెంట్రల్ యూనివర్సిటీల్లో హెడ్ పదవి మూడేళ్లు. తర్వాత ఇంకో ప్రొఫెసర్ వస్తారు, ఈయన మళ్లీ మామూలు సీట్లోకి వెళ్లి పక్కవాళ్లతోనే టీ తాగాలి. ఆ భయమైనా ఉంటుంది. అక్కడా రాజకీయాలు లేవని కాదు, కావలసినన్ని ఉన్నాయి. కానీ మన కాలేజీల్లో టర్మూ లేదు, రొటేషనూ లేదు. మేనేజ్‌మెంట్‌కి నచ్చినన్నాళ్లు ఉంటారు, నచ్చకపోతే సోమవారం పొద్దున తలుపు మీద కొత్త నేమ్‌ప్లేట్. అలాంటప్పుడు ఎవరి మెప్పు కోసం పనిచేస్తారో చెప్పక్కర్లేదు.

వేసవి వస్తే ఇంకో వేషం. ఎప్‌సెట్ ర్యాంకులు రాగానే ఫోన్ నంబర్ల లిస్టు మా చేతిలో పెట్టి, రోజుకి ఇంతమందికి చేయాలి, సాయంత్రానికి రిపోర్ట్ ఇవ్వాలి అంటారు. "నమస్తే అండీ, బాబుకి ర్యాంకెంత వచ్చింది?" అని మొదలుపెడితే అవతలాయన "మీరు ఈరోజు ఆరో కాలేజీ" అని పెట్టేస్తాడు. 2024లో ఏఐసీటీఈ (ఇంజినీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే సంస్థ) సీట్ల మీద పరిమితి ఎత్తేశాక సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) వాళ్లకి సెక్షన్ల మీద సెక్షన్లు. వాళ్ల హెచ్‌ఓడీ నడిచొస్తుంటే ప్రిన్సిపాలే లేచి నిలబడేట్టున్నాడు. మా ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) సార్‌కి ఆ కడుపుమంట. అది మా లిస్టులో ఇంకో వంద నంబర్లయి తేలుతుంది.

ఇదంతా సరే, పైపై మంట. అసలు మంట చెప్తాను వినండి.

యూజీసీ 2018 రెగ్యులేషన్స్ ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన, ప్రొఫెసర్‌కి 14. మా సార్‌కీ టైమ్‌టేబుల్లో క్లాసులున్నాయండోయ్! ఆయన పేరు పక్కన సబ్జెక్టు, సెక్షన్, రూమ్ నంబర్, అన్నీ పక్కాగా. మరి క్లాసులో ఎవరుంటారు? ఈ సెమిస్టర్ నేను, పోయిన సెమిస్టర్ పాపం ఇంకో జూనియర్. రిజల్ట్ బాగుంటే ఆయన అప్రైజల్లో పడుతుంది, పిల్లలు ఫెయిలైతే మాత్రం "క్లాసు చూసుకుంది నువ్వే కదమ్మా."

పేపర్ల సంగతి ఇంకా ఘోరం. మేనేజ్‌మెంట్ స్కోపస్ (పరిశోధన జర్నళ్ల డేటాబేస్) లిస్టులో ఉన్న పేపర్లు తెమ్మంటుంది కాబట్టి, వీధి చివర ఇంటర్నెట్ సెంటర్ మూసేదాకా కూర్చుని సిమ్యులేషన్లు నడిపి, రివ్యూయర్లకి జవాబులు రాసి, నేను ఒక పేపర్ వేయించుకున్నాను. ఫస్ట్ ఆథర్ ఎవరు? సార్. "డిపార్ట్‌మెంట్ హెడ్ పేరు ముందుంటే వెయిట్ ఉంటుందమ్మా" అన్నారు. ఇన్సెంటివ్ ఆయనకెళ్లింది. టీచర్స్ డే రోజు శాలువా కూడా ఆయనకే కప్పారు, మొదటి వరసలో నిలబడి ఫొటోలు తీసింది నేను. రాత్రి గ్రూపులో కంగ్రాట్స్ సార్, కంగ్రాట్స్ సార్ అని ఒకటే వరద. నేనూ పెట్టాను, పువ్వు బొమ్మతో సహా. పెట్టకపోతే తర్వాతి సెమిస్టర్ టైమ్‌టేబుల్ ఎలా ఉంటుందో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి చెప్పాలా?

ఈరోజు ఆ గదిలో నిలబడి ఆయన పెన్సిల్ సున్నా చుట్టిన పదం చూస్తుంటే నాకు గుర్తొచ్చింది ఆ శాలువానే. నా ఫైల్లో ఒక్క పదం తేడా పట్టుకోగలిగిన మనిషి, తన పేరు ముందు పెట్టుకున్న ఆ పేపర్‌లో ఒక్క పేజీ కూడా చదవలేదు. పందెం కాస్తాను, టైటిల్ అడిగినా చెప్పలేరు.

కామెంట్లలో మీ హెచ్‌ఓడీల కథలు రాయండి. కాలేజీ పేర్లు మాత్రం వద్దు, స్క్రీన్‌షాట్లు తీసేవాళ్లు నా ఫ్రెండ్స్ లిస్టులోనే ఉన్నారని నాకు తెలుసు.