99 శాతం దగ్గర మామగారు

12 గిగాబైట్ల వీడియోను సాయంత్రంలోగా ఒక కార్యాలయానికి పంపవలసి వచ్చింది. వారి వెబ్ పేజీలో ఎక్కించడం తప్ప మరో మార్గం లేదన్నారు. మా వైఫై సెకనుకు 20 మెగాబిట్లు పంపుతుందని చూసి ఉప్పొంగిపోయాను గానీ, బైట్లలోకి మార్చేందుకు ఎనిమిదితో భాగించగా మిగిలినది రెండున్నర మెగాబైట్లే. అంటే, అంతా సవ్యంగా సాగినా 80 నిమిషాలు. మా రౌటరు 5 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడ దాటేసరికి నీరసిస్తాయి కనుక 2.4 గిగాహెర్ట్జ్‌నే నమ్ముకున్నాను. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ పరిసరాల్లోనే పనిచేస్తుందని చెప్పి వంటింట్లో దాని స్విచ్ ఆపించాను.

99 శాతం వచ్చింది. మనిషి ఒంట్లోని నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుందని ఎక్కడో చదివిన పాపానికి, రౌటరుకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య ఎవరూ నడవరాదని అంతకుముందే శాసించి ఉన్నాను. సరిగ్గా అప్పుడే మామగారు పేపరు చేతబట్టుకుని అటుగా బయలుదేరారు. "మామయ్యగారూ, కాస్త ఆగండి" అన్నాను. ఆయన ఆగారు, రౌటరుకు నిలువెత్తు అడ్డంగా. "ఎందుకు బాబూ?" అని అడిగారు. ఆగమన్న నోటితోనే కదలమనడానికి మర్యాద అడ్డొచ్చి, మీ శరీరంలో నీటి శాతం ఎక్కువ అని విన్నవించడానికి ధైర్యం చాలక నేను నీళ్లు నములుతుండగా, ఆయన కళ్లజోడు సవరించుకుని, నాకు ఒంట్లో బాగాలేదేమోనని ఆరా తీస్తూ మరింత స్థిరంగా నిలబడ్డారు. తెరపై "నెట్‌వర్క్ లోపం" అని వచ్చింది. ఆ వెంటనే సున్నా శాతం.

అవతల ఇప్పటికే ఉన్న భాగాన్ని వదిలి తేడాను మాత్రమే పంపే ఆర్‌సింక్ అనే ప్రోగ్రాము 1996లోనే పుట్టింది. ఆగినచోటి నుంచి అందుకోవడం తెలియని పేజీని ఇంకా పెట్టుకున్నవారు మాత్రం, ఫోన్ చేస్తే, "మీ ఇంటర్నెట్ చూసుకోండి" అని హితవు చెప్పారు.

చివరికి ఫైలును 500 మెగాబైట్ల చొప్పున 24 ముక్కలుగా కోసి, చేరినవి చెక్కుచెదరలేదని సరిచూసుకోవడానికి ప్రతి ముక్కకూ వేలిముద్రలాంటి ఎస్‌హెచ్‌ఏ-256 విలువ జతచేసి, అన్నింటినీ ఒకే ఫోల్డరులో ఉంచి మొదటి ముక్కను తెరిస్తే చాలునని స్పష్టంగా రాసి, రాత్రికి మొత్తం చేరవేశాను. తెల్లవారి జవాబు వచ్చింది: "రెండవ ముక్క తెరుచుకోవడం లేదు. దయచేసి ఒకే ఫైలుగా పంపగలరు."