హైబాల్ గారికి పొట్టి వింగర్ విన్నపం

మహారాజశ్రీ హైబాల్ గారి దివ్యసముఖానికి,

రగ్బీలో ఆకాశానికి ఎత్తి తన్నే బంతి అయిన తమకు, మైదానం అంచున పరుగెత్తే 14వ నంబరు వింగర్ నమస్కరించి రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి. మీరు పైన కుశలమే. కింద నేనూ ఎడమచేతి చిటికెన వేలు తప్ప మిగతా అంతా కుశలమే.

ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరి రగ్బీ క్లబ్బులో, మూడో జట్టులో, ప్రతి శనివారం మీ కింద నిలబడేది నేనే. ఎత్తు అయిదు అడుగుల నాలుగు అంగుళాలు. బూట్ల మేకులతో కలిపితే ఇంకో అర అంగుళం వస్తుంది కానీ, జనవరి బురదలో అవి పూర్తిగా దిగబడతాయి కనుక లెక్కలో వేసుకోవడం మానేశాను.

నేల మీద నాకేమీ ఇబ్బంది లేదండీ. గుంటూరు జిల్లాలో కబడ్డీ ఆడి పెరిగిన కాళ్ళు ఇవి. పైగా 2023-24 సీజన్ నుంచి ఇక్కడి క్లబ్బు స్థాయి ఆటలో, బంతి పట్టుకున్నవాణ్ణి రొమ్ము ఎముక కింది అంచుకు పైన టాకిల్ చేయకూడదని, అంటే పట్టి పడేయకూడదని నియమం పెట్టారు. అది నా స్వర్ణయుగం. నా రొమ్ము ఎముక కింది అంచు ఎక్కడుందో వెతుక్కోవడానికి ఆరున్నర అడుగుల మనుషులు సగానికి మడత పడవలసి వచ్చింది. ధ్వజస్తంభం ముందు కూడా అంత భక్తిగా వంగేవాళ్ళను నేను చూడలేదు. వాళ్ళు వంగి లేచేలోగా నేను ట్రై గీత దాటేసి బంతిని నేలకు ఆనించేసేవాణ్ణి (దాన్నే ట్రై అంటారు). సీజన్‌లో నాలుగుసార్లు. సరే, రెండుసార్లు.

నేల మీద వీడు దొరకడని తెలిశాకే వాళ్ళు తమరిని ఆశ్రయించారు.

మీ రాక వైభవం చెప్పడానికి నా శక్తి చాలదు. పీచు తీయని కొబ్బరికాయ ఆకారంలో, బూడిదరంగు ఆకాశంలో పల్టీలు కొడుతూ, అసలు దిగే ఉద్దేశమే లేనట్టు పైనే తిరుగుతారు. నేను పక్కకు తిరిగి, ఒక మోకాలు ఎత్తి, మోచేతులు దగ్గరకు చేర్చి, చేతులు పైకి చాచి 'మైన్' (నాదే) అని అరుస్తాను. బురదలో బూట్ల చప్పుడు దగ్గరవుతూ ఉంటుంది. చూడకూడదు, చూస్తే మీరు జారిపోతారు. మీ మీది తడి బొడిపెలు కనిపించేంత దగ్గరికి వచ్చాక, నా వేళ్ళకు అడుగు ఎత్తులో ఇంకెవరివో రెండు చేతులు మొలుస్తాయి. డాబా మీద ఆరబెట్టిన వడియాన్ని కాకి తన్నుకుపోయినట్టు మిమ్మల్ని ఎత్తుకుపోతాయి. నేను ఖాళీ చేతులతో, దేనికో మొక్కుకుంటున్నవాడిలా మిగులుతాను.

గాలిలో ఉన్న ఆటగాణ్ణి కాళ్ళు నేలను తాకేదాకా టాకిల్ చేయకూడదని ఆటలో ఇంకో నియమం ఉంది. మంచిదే. కానీ నేను గాలిలో ఉండే కాలాన్ని రిఫరీ ఇంతవరకు గమనించనే లేదు. మునుపు మావాళ్ళు వెనక్కి పరుగెత్తే నెపంతో నాకూ శత్రువుకూ మధ్య గోడకట్టేవారు. 2024 చివరి నుంచి రిఫరీలు ఆ గోడను కూడా కూల్చేశారు. ఇప్పుడు మీకూ నాకూ మధ్య ఆకాశం తప్ప ఎవరూ లేరు.

పక్కగీత దాటిన బంతిని మళ్ళీ లోపలికి విసిరే లైనవుట్‌లో న్యాయం చూడండి. లాక్ అనే ఆరు అడుగుల ఎనిమిది అంగుళాల ఆటగాణ్ణి ఇద్దరు బలిష్ఠులు నిక్కరు పట్టుకుని ఉత్సవ విగ్రహంలా పైకి ఎత్తుతారు. ఉన్నవాడికే ఎత్తు. నన్నూ ఎత్తమని ఒకసారి అడిగితే జట్టంతా నవ్వింది. నేను హాస్యానికి అడగలేదు.

ఓదార్చేవాళ్ళకు లోటు లేదు. ఊరి నుంచి మా మామయ్య ఫోనులో వామనుణ్ణి గుర్తు చేస్తాడు. మామయ్యా, ఆయన అడిగింది పొట్టిగా ఉన్నప్పుడే గానీ, కొలిచింది పెరిగాక గదా! మా కోచ్‌కు దక్షిణాఫ్రికా వింగర్ చెస్లిన్ కోల్బె జపం. నిజమే, 2019 ప్రపంచకప్ ఫైనల్‌లో ఇంగ్లండ్ కెప్టెన్ ఓవెన్ ఫారెల్‌ను నిలబెట్టి పక్కనుంచి దాటిపోయి ట్రై వేశాడు. కానీ కోల్బె అయిదు అడుగుల ఏడు అంగుళాలు. నా కంటికి ఆయన ఆజానుబాహుడు.

అన్నిటికన్నా బాధ కలిగించే విషయం ఒకటుంది. మిమ్మల్ని బాక్స్ కిక్‌తో (గుంపు వెనక నుంచి ఎత్తుగా తన్నే తన్నుతో) పైకి పంపేది ఆ పొడుగువాళ్ళు కారు, గుంపులోంచి బంతిని అందుకునే స్క్రమ్ హాఫ్. జట్టులో అందరికంటే పొట్టివాడు తరచుగా అతడే. అదే 2019లో కోల్బె జట్టులో టోర్నీ అంతా మిమ్మల్ని ఆకాశానికి పంపిన ఫాఫ్ డి క్లర్క్ కూడా దాదాపు కోల్బె అంత ఎత్తువాడే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా?

అయితే కోల్బె కథలో మా కోచ్ చెప్పని ముక్క ఒకటి నాకు తెలుసు. 2023 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్‌లో ఫ్రాన్స్ ఆటగాడు తోమా రామోస్ ట్రై తర్వాత అదనపు పాయింట్లకు కొట్టే కన్వర్షన్ తన్నబోతుంటే, కోల్బె ట్రై గీత దగ్గర నుంచి బాణంలా దూసుకొచ్చి, బంతి ఇంకా పైకి లేవకముందే చేతులు అడ్డుపెట్టాడు. ఆ రెండు పాయింట్లు పోయాయి. దక్షిణాఫ్రికా 29–28తో గెలిచింది.

మీరు కూడా కాసేపు పొట్టిగా ఉంటారన్నమాట. బూటు దగ్గర.

చిత్తగించవలెను.

ఇట్లు
తమ కింద నిలబడు
14వ నంబరు

తా.క.: వచ్చే శనివారం ఆడబోయే జట్టు స్క్రమ్ హాఫ్‌ను పోయిన నెల చూశాను. నాకంటే అంగుళం తక్కువ. తన్నే ముందు బంతిని కాలితో వెనక్కి దొర్లించుకుని, ఒకసారి ఆకాశం వంక చూసే అలవాటు ఉంది. అతడు పైకి చూసేటప్పుడు నేను నా చోటు వదిలి బయలుదేరుతాను. కోచ్ కేకలు మీకూ వినిపిస్తాయి.