మూగబోయిన బ్లాగులు, ముంచుకొచ్చిన టపాలు

బ్లాగు మూతపడబోతోందని ముందే పసిగట్టవచ్చు. "ఇటు వచ్చి చాలా రోజులైంది. ఇకపై వారానికో టపా తప్పకుండా రాస్తాను" అని బ్లాగరి మాట ఇచ్చాడంటే దానికి నూకలు చెల్లినట్టే. బ్లాగుల్లో కొత్తగా పడ్డ టపాలను ఒక్కచోటికి తెచ్చి చూపించే ఫీడ్ రీడర్‌లో నా అభిమాన బ్లాగుల జాబితాను దులుపుదామని కూర్చుంటే, ఎక్కడ చూసినా చివరి టపా ఇదే. తేదీలు మాత్రం 2011, 2012, 2014. ఒకాయన బ్లాగుకు కొత్త రంగులద్ది, "ఎలా ఉందో చెప్పండి" అని అడిగి మరీ మాయమయ్యాడు. బాగుందండీ, ఎవరికి చెప్పాలి?

నిజానికి మౌనంగా ఉన్న బ్లాగుతో ఎవరికీ ఇబ్బంది లేదు. కొత్త టపా వస్తేనే పైకి తేలుతుంది, లేకపోతే తన మూలన తాను పడి ఉంటుంది. రోజుకు పది టపాలు రాసేవారితోనే నాకు ప్రాణం విసిగేది. అయినా జాబితా చేంతాడంత అయింది. 2013 జూలై 1న గూగుల్ రీడర్ మూతపడినప్పుడు అందరిలాగే నేనూ చందాలన్నిటినీ ఒక్క ఫైలులో మూటగట్టి కొత్త రీడర్‌లోకి తెచ్చుకున్నాను. వాటిలో సగం అప్పటికే మాట్లాడటం మానేశాయి. ఇల్లు మారినప్పుడు విప్పకుండానే కొత్త అటక ఎక్కే అట్టపెట్టెల్లా అవీ వచ్చి చేరాయి.

తీసేయడానికి తేలికైనవి, అంటే అసలు తెరుచుకోనివి, ముందు తీసేశాను. సర్వర్ల భాషలో 404 అంటే పేజీ దొరకలేదని. ఇవాళ లేదు, రేపు ఉండవచ్చు. 410 అంటే పోయింది, ఇక ఎదురుచూడవద్దని. అంత మర్యాదగా కబురు పెట్టి వెళ్లినవారు నాకు ఒక్కరూ తగల్లేదు.

విరహ కవితల బ్లాగు ఒకటి తెరిస్తే "మొదటి పందెం ఉచితం" అంటూ పేకముక్కలు ఎగురుతున్నాయి. ఏటా కట్టాల్సిన రుసుము కట్టకపోయినా డాట్ కామ్ చిరునామాను రాత్రికి రాత్రే లాగేసుకోరు. చిరునామాలు నమోదు చేసే సంస్థ (రిజిస్ట్రార్) రద్దు చేశాక కూడా విడిపించుకోవడానికి 30 రోజులు, ఆపైన తుడిచేయడానికి ఇంకో 5 రోజులు ఉంటాయి. ఆ తర్వాత ఎవరు ముందొస్తే వారిదే. కవిగారి చిరునామాకు జూదగాళ్లు ముందొచ్చారు.

అలా కొట్టేస్తూ, ఇంటి ముచ్చట్లు సరదాగా రాసే ఒకాయన బ్లాగు దగ్గర ఆగాను. మనసొప్పక తటపటాయిస్తుంటే దాని పక్కన చదవని టపాల లెక్క చూపే సున్నా కాస్తా నూటయాభై దాటింది! అన్నీ కొత్త టపాలేనట, అన్నిటికీ ఆ రోజు తేదీయే. అన్నిటికన్నా పైన "మాకు అబ్బాయి పుట్టాడు!" అని ఉంది. ఆనందంగా చదివాను. ఈ వాక్యం ఎక్కడో చదివినట్టుందే అని మధ్యలో అనిపించింది కానీ, ఆయన శైలే అంత కదా అని సరిపెట్టుకున్నాను. వెంటనే అభినందిస్తూ ఈమెయిల్ రాశాను. పసివాడితో కొన్నాళ్లు రాత్రిళ్లు నిద్ర ఉండదని, ఓపిక పట్టమని ఓ సలహా కూడా పడేశాను.

ఫీడులో, అంటే బ్లాగు నుంచి రీడర్‌కు చేరే టపాల వరుసలో, ప్రతి టపాకూ ఒక గుర్తింపు ఉంటుంది. ఏది పాతదో ఏది కొత్తదో రీడర్ తేల్చుకునేది దాన్ని బట్టే. బ్లాగును ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించినప్పుడు ఆ గుర్తింపులు మారితే పాత టపాలన్నీ కొత్త పెళ్లికొడుకుల్లా దిగిపోతాయి. తేదీలు కూడా తారుమారైతే ఇక చెప్పేదేముంది!

మర్నాడు జవాబు వచ్చింది. "ధన్యవాదాలండీ. మీ ఉత్తరం చదివి వినిపించబోతే, తానే చదువుకుంటానని మా అబ్బాయి ఫోను లాక్కున్నాడు. రాత్రిళ్లు నిద్ర ఉండదని మీరు రాసింది నిజమేనట. పరీక్షలు దగ్గరపడ్డాయి."