యుద్ధం రోజున ఆర్గన్ వాయించుకున్న అసమర్థులు

యుద్ధాన్ని ఎలా ప్రసారం చెయ్యకూడదో నేర్పాలంటే జర్నలిజం విద్యార్థులకు ఒక్క ఆదివారం చాలు. 1939 సెప్టెంబరు 3, లండన్. ఆ రోజు బీబీసీ రేడియో చేసిన నిర్వాకం తలుచుకుంటే, వార్తా ఛానళ్లు చూసి పెరిగిన నాలాంటి వాడికి కడుపు తరుక్కుపోతుంది.

అసలు తప్పు రెండు రోజుల ముందే జరిగింది. సెప్టెంబరు 1న హిట్లర్ పోలండ్ మీద పడ్డాడు. వెంటనే బీబీసీ వాళ్లు ఏం చేశారంటే, తమ టీవీని మూసేశారు. అవును, మూసేశారు. ఒక మిక్కీ మౌస్ కార్టూన్ వేసి కట్టేశారు. ఆ ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ పట్టుకుని శత్రు విమానాలు లండన్‌కి దారి వెతుక్కుంటాయని భయమట! మళ్లీ తెరిచింది 1946 జూన్‌లో, యుద్ధమంతా ముగిసిపోయాక. పెళ్లివారు విస్తళ్లు ఎత్తేశాక పొయ్యి రాజేసినట్టు. మూసేనాటికి లండన్ చుట్టుపక్కల దాదాపు 20 వేల సెట్లున్నాయి. ఇరవై వేల ఇళ్లకి యుద్ధాన్ని కళ్లారా చూపించే అవకాశాన్ని చేజేతులా నేలపాలు చేశారు.

రేడియోనైనా సరిగ్గా నడిపారా? నేషనల్, రీజినల్ అని అప్పటిదాకా రెండు కార్యక్రమాలుండేవి. రెండూ కలిపేసి హోమ్ సర్వీస్ అని ఒక్కటే మిగిల్చారు. పోటీ లేకపోతే వార్త ముందెవరు చెప్పారన్న ప్రశ్నే రాదు. ఆ ప్రశ్న రాకపోతే ఇంక యుద్ధమెందుకు?

ఇక ఆదివారం. జర్మనీకి ఇచ్చిన గడువు ఉదయం 11 గంటలకి ముగుస్తుంది. పావుగంట తర్వాత ప్రధాని చాంబర్లేన్ మాట్లాడతాడని శ్రోతలకి ముందే చెప్పారు. ఇంత సరుకు చేతిలో ఉంటే మనవాళ్లు ఏం చేసేవారో వేరే చెప్పాలా? తెర మూలన ఎర్రంకెలతో గడియారం, ‘మరికాసేపట్లో’, ‘ఇంకాసేపట్లో’, వెనకాల డప్పులు. ఆ పొద్దుట బీబీసీలో వచ్చిందేమిటయ్యా అంటే, డబ్బాల్లో నిల్వ ఉండే తిండితో రకరకాలుగా ఎలా వండుకోవచ్చో ఒకావిడ చెప్పిన కబుర్లు. ప్రపంచం తగలబడబోతుంటే వంటల కార్యక్రమం! (యుద్ధంలో జనానికి నిజంగా పనికొచ్చిన సమాచారం అదేనని కొందరంటారు. వాళ్లకి మీడియా అంటే తెలియదు.)

11.15కి చాంబర్లేన్ తన ఇంట్లోనే, మంత్రివర్గం సమావేశమయ్యే గదిలో, మైకు ముందు కూర్చుని కొద్ది నిమిషాలు మాట్లాడాడు. జర్మనీతో యుద్ధంలో ఉన్నామన్నాడు. తొడ కొట్టలేదు, మీసం దువ్వలేదు. శాంతి కోసం ఇన్నాళ్లూ తాను పడ్డ పాటంతా విఫలమైందని ఒప్పేసుకున్నాడు. ఆ వెంటనే సినిమా హాళ్లు మూస్తున్నామనీ, గ్యాస్ మాస్కు లేకుండా బయటికి రావద్దనీ సూచనలు చదివారు. అంతే! నలుగురిని కూర్చోబెట్టి కొట్లాడించలేదు. రిటైరైన సేనాని ఒక్కడూ ఇసకబల్ల మీద బెర్లిన్‌ని పట్టుకోలేదు.

ఆ ప్రసంగం అయిన కాసేపటికే లండన్‌లో సైరన్లు మోగాయి. జనం దాక్కునే చోట్లకి పరిగెత్తారు. తీరా చూస్తే వచ్చింది శత్రువు కాదు, ఎవరిదో పోల్చుకోలేకపోయిన స్వపక్షపు విమానం. ఊళ్లో సైరన్ మోగించి ఇలా అభాసుపాలవడం కంటే, హాయిగా స్టూడియోలోనే మోగించుకోవచ్చన్న ఇంగితం వాళ్లకి లేకపోయింది. మనవాళ్లకి ఉంది. ఎంత ఉందంటే, 2025 మేలో పాకిస్తాన్‌తో మనకి ఘర్షణ నడుస్తున్నప్పుడు, ఆ సైరన్ మోత కార్యక్రమాల్లో వాడకండి బాబూ, అసలు సైరన్ మోగినప్పుడు జనం పట్టించుకోరు అని కేంద్ర హోంశాఖ ఛానళ్లకి చెప్పాల్సి వచ్చింది.

సాయంత్రం 6 గంటలకి రాజుగారు. ఆరో జార్జికి నత్తి. మాట కూడదీసుకోవడానికి మధ్యమధ్య ఆగుతూ చదివాడు. ఆ ఆగిన చోటల్లా బీబీసీ నిశ్శబ్దాన్నే ప్రసారం చేసింది. అన్ని క్షణాలు, ఒక్క పళ్లపొడి ప్రకటన కూడా లేకుండా!

మిగతా పొద్దంతా ఏం వినిపించారు? ఆర్గన్. నాటకాల వాళ్లనీ, హాస్యం వాళ్లనీ బాంబుల భయంతో లండన్ దాటించేశారు. సర్కారు వారు వార్తలు చుక్కచుక్కగా వదిలేవారు. మిగిలింది రికార్డులూ, శాండీ మెక్‌ఫర్సన్ అనే కెనడా ఆయనా. మొదటి రెండు వారాల్లో ఈ పెద్దమనిషి 45 సార్లు ఆర్గన్ ముందు కూర్చున్నాడు. ఇతని వాయింపు కంటే జర్మన్ ఫిరంగులే నయమని ఒక శ్రోత ఉత్తరం రాశాడని చెప్పుకుంటారు. చెప్పడానికి వార్త లేకపోతే వార్త లేదన్నట్టు వాయిద్యం వాయించారు. ఇంతకంటే నేరముందా?

అదే ఆదివారం మన వైస్రాయి లిన్‌లిత్‌గో, భారతదేశం కూడా యుద్ధంలో ఉందని ప్రకటించేశాడు. దాదాపు 40 కోట్ల మంది తరఫున, ఒక్క నాయకుణ్నీ అడక్కుండా. తెలుగు మాట వినిపించే మద్రాసు రేడియో కేంద్రానికి అప్పటికి పదిహేను నెలలు కూడా నిండలేదు. బెజవాడకి రేడియో కేంద్రం రావడానికి ఇంకా తొమ్మిదేళ్లుంది. అంచేత చాలా ఊళ్లలో మన తాతలు యుద్ధంలోకి దిగిన సంగతి మర్నాడో ఎల్లుండో పేపరొచ్చాక తెలుసుకుని ఉంటారు. లైవ్ లేని యుద్ధం.

యుద్ధాన్ని ప్రసారం చెయ్యడం తెలిసినవాళ్లు బెర్లిన్‌లో ఉండేవారు. 1941 జూన్ 29, అదీ ఆదివారమే. రష్యా మీదికి వెళ్లి వారమైంది. ఆ వారమంతా గెలుపు కబుర్లు బిగబట్టుకుని కూర్చున్నారు. ఆదివారం పొద్దున 11 నుంచి మొదలెట్టి, లిస్ట్ అనే సంగీతకర్త స్వరాల్లోంచి తీసిన బూరల మోతతో, ఒకదాని వెనక ఒకటి 12 ప్రత్యేక ప్రకటనలు వదిలారు. పాత వార్తని తాజాగా వడ్డించడం, ప్రతి ముక్కకీ ముందు బాజా వాయించడం ఎవరు కనిపెట్టారని ఇకమీదట అడక్కండి. అయితే ఇది కాస్త శ్రుతి మించిందని ప్రచారశాఖ నడిపిన గోబెల్స్‌కే అనిపించింది. మన ఎడిటర్లకి ఇప్పటికీ అనిపించలేదు.

పాకిస్తాన్‌తో ఘర్షణ నడిచిన ఆ 2025 మే నెలలో ఒక రాత్రి ఒంగోలు నుంచి మా బాబాయి ఫోను. ఒంటిగంట దాటింది.

“ఒరేయ్, కరాచీ రేవు పోయిందటరా!”

“ఎవరు చెప్పారు బాబాయ్?”

“అన్నిట్లోనూ అదే. మంటలు కూడా చూపిస్తున్నారు. మీ పిన్ని దేవుడి దగ్గర దీపం కూడా పెట్టింది.”

పొద్దున ఏడింటికి మళ్లీ మోగింది. ఈసారి గొంతు నీరసంగా ఉంది.

“కరాచీ ఉందటరా.”

“ఉంటుంది బాబాయ్. పడుకోండి.”

“నిద్రెక్కడిదిరా, చెవుల్లో ఇంకా ఆ సైరనే.” కాసేపు మాట్లాడలేదు. మొన్నెప్పుడో నేను చెప్పిన ముచ్చట గుర్తొచ్చినట్టుంది. “ఆ కెనడా ఆయనెవరో అన్నావే, వార్తల్లేకపోతే వాయించేవాడని. ఆయనవి ఫోన్లో దొరుకుతాయేమో చూసి పంపు.”