ఫైలు బీరువాలో, డ్రిల్లు సీలింగ్‌లో

పోయిన సెలవుల్లో ఏదో సర్టిఫికెట్ పని మీద మా పాప స్కూలుకు వెళ్లాను. పిల్లలు లేరు కదా అని క్లాసుల్లో ప్రొజెక్టర్లు బిగిస్తున్నారు. ఒక గదిలో నిచ్చెన మీద నిలబడ్డ కుర్రాడు సీలింగ్ షీటుకు డ్రిల్లు పెట్టాడు. కింద బెంచీల మీద పిండి జల్లించినట్టు తెల్లటి పొడి. ఇంకొకతను దాన్ని చీపురుతో గబగబా ఊడుస్తున్నాడు. కిటికీలోంచి పడుతున్న ఎండలో ఆ దుమ్ము లేచి తేలుతోంది, ఎంతకీ కిందికి దిగదు.

"తమ్ముడూ, ఆ షీటు ఏంటో తెలుసా?" అని అడిగాను.

"ఏదో పాత సిమెంటు షీటన్నా. గట్టి రకం, బిట్లు తినేస్తోంది" అన్నాడు.

ఆఫీసుకు వెళ్లి, ఈ బిల్డింగుకు ఆస్బెస్టాస్ రిజిస్టర్, అంటే ఆస్బెస్టాస్ ఎక్కడెక్కడ ఉందో రాసిపెట్టిన ఫైలు, ఉందా అని అడిగాను. "ఎందుకు లేదు సార్, మొన్న ఇన్‌స్పెక్షన్‌లో కూడా చూపించాం, అన్నీ క్లియర్" అంటూ క్లర్కు గారు ధీమాగా బీరువా తాళం వెతకడం మొదలుపెట్టారు. ఇరవై నిమిషాలు పట్టింది. ఫైలు నిజంగానే ఉంది. అందులో ఆ గది ఉంది, ఆ సీలింగ్ ఉంది, పక్కన "కదిలించరాదు" అని కూడా రాసి ఉంది. కాగితం మీద వేలు పెట్టి చూపించడానికి ఒక్క తప్పు లేదు. ఆ రాసిన మాట డ్రిల్లు పట్టుకున్నవాడి దాకా రాలేదు, అంతే.

అప్పటినుంచి నాకు మండుతూనే ఉంది. అందుకే ఇంత పొడుగు పోస్టు.

ఆస్బెస్టాస్‌కి తెలుగులో రాతినార అని పేరు. పెట్టినవాళ్లెవరో గానీ సరిగ్గా పెట్టారు. రాయే, కానీ నారలా చీలుతుంది. చీలిన పోగు మళ్లీ చీలి, కంటికి ఆననంత సన్నమవుతుంది. నిప్పుకు కాలదు, తుప్పు పట్టదు, పైగా చవక. అందుకే పోయిన శతాబ్దంలో కట్టిన స్కూళ్లలో సీలింగ్ షీట్లు, ఫ్లోర్ టైల్స్, వాటి కింద నల్లటి జిగురు, వేడి పైపుల చుట్టూ వేసిన కట్టు, పైకప్పు రేకులు, ఎక్కడ కుదిరితే అక్కడ వాడేశారు. ఆ షీటు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం పోగులు సిమెంటులోనే ఉంటాయి. కోస్తేనో, రాకితేనో, చిల్లు పెడితేనో గాల్లోకి వస్తాయి. ఊపిరితో లోపలికి వెళ్లినవాటిలో కొన్ని ఎప్పటికీ బయటికి రావు. ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడిపోయే ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మెసోథెలియోమా అనే క్యాన్సర్, ఇవన్నీ మామూలుగా 20 నుంచి 40 ఏళ్ల తర్వాత, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా బయటపడే జబ్బులు. అరవై ఏళ్ల మనిషి ఈ రోజు పీల్చినదానికి జబ్బు తేలే వయసు వరకు ఉంటాడో లేదో. ఏడేళ్ల పిల్లకు ఆ నలభై ఏళ్లూ ముందే ఉన్నాయి. అలాగే, ఈ పని చేసేవాళ్ల బట్టలు ఇంట్లో దులిపి ఉతికిన ఆడవాళ్లకు కూడా మెసోథెలియోమా వచ్చిందని డాక్టర్లు ఎప్పుడో గుర్తించారు. వాళ్లు ఆ పని జరిగే చోట అడుగు కూడా పెట్టలేదు.

"తెల్ల ఆస్బెస్టాస్ ఏమీ చెయ్యదు, నీలం రకమే డేంజర్" అనేవాళ్లు కామెంట్లలో తప్పకుండా వస్తారు. ముందే చెప్తున్నా: ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం అన్ని రకాలనూ మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి గ్రూపులోనే పెట్టింది. బ్రిటన్ నీలం, గోధుమ రకాలను 1985లో, తెల్లదాన్ని 1999లో నిషేధించింది. ఇండియా సహా చాలా దేశాల్లో తెల్ల ఆస్బెస్టాస్ రేకులు ఇప్పటికీ తయారవుతూనే ఉన్నాయి. నిషేధించిన చోట కూడా పాత గోడల్లో ఉన్నది ఉన్నట్టే ఉంది, కాబట్టి నిషేధంతో కథ అయిపోలేదు.

చట్టాల సంగతికి వస్తే, స్కూళ్ల కోసమే ప్రత్యేకంగా రాసినవాటిలో అమెరికా 1986లో తెచ్చిన అహేరా చట్టాన్ని ఒకసారి చూడాలి. ఉన్నదంతా పీకెయ్యమని అది ఎక్కడా అనదు. ఎక్కడుందో అర్హత ఉన్న ఇన్‌స్పెక్టర్‌తో వెతికించు, మేనేజ్‌మెంట్ ప్లాన్ రాయి, మూడేళ్లకోసారి మళ్లీ పూర్తి తనిఖీ చెయ్యి, మధ్యలో ఆరు నెలలకోసారి ఓ చూపు వెయ్యి, దీనికంటూ ఒక బాధ్యుణ్ణి పెట్టు, ఏడాదికోసారి తల్లిదండ్రులకూ టీచర్లకూ ప్లాన్ ఉందని తెలియజెయ్యి. ఊడ్చి తుడిచే సిబ్బందికి కనీసం రెండు గంటల శిక్షణ ఇవ్వాలి. నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం ఇంకోటుంది. టెలిఫోన్ రిపేరుకు వచ్చినవాడికైనా, పురుగుల మందు కొట్టడానికి వచ్చినవాడికైనా, ఆస్బెస్టాస్ ఎక్కడెక్కడ ఉందో స్కూలు చెప్పాల్సిందే. ఆ చట్టం రాసినవాళ్లు నిచ్చెన మీది మనిషిని మరిచిపోలేదు. బ్రిటన్‌లో 2012 నాటి నిబంధనలు కూడా ఇదే మాట అంటాయి: దాన్ని కదిలించే అవకాశం ఉన్న ప్రతివాడికీ సమాచారం అందాలి.

అయినా ఏమైంది? 1993లో న్యూయార్క్ నగరం స్కూళ్లను తెరవాల్సిన సమయానికి తెరవలేకపోయింది. ఎనభైల్లో చేయించిన తనిఖీలు నమ్మదగ్గవి కావని అప్పుడు తేలింది. కాగితాల మీద అన్ని బిల్డింగులకూ ఇన్‌స్పెక్షన్ అయిపోయింది. చివరికి బళ్లు తెరవడం వాయిదా వేసి, గది గదీ మళ్లీ చూడాల్సి వచ్చింది. పోనీ అది పాత కథ అనుకుందామా? 2025లో అమెరికాలోనే, ఫిలడెల్ఫియా నగరంలో ప్రభుత్వ స్కూళ్లను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ మీద, తనిఖీలు సమయానికి చెయ్యలేదని ఫెడరల్ క్రిమినల్ కేసే పెట్టారు.

మా పాప స్కూలు ఫైల్లో కూడా నేను అదే చూశాను. వరసగా మూడు తనిఖీలు, మూడింట్లోనూ మెట్ల కింద పైపు ఎదురుగా "స్థితి: బాగుంది". అక్షరం తేడా లేదు. మూడోసారి కాపీ చేసేటప్పుడు ముందున్న తప్పు స్పెల్లింగ్ కూడా దిగిపోయింది. నేను వెళ్లి ఆ పైపు చూశాను. వంపు దగ్గర కట్టిన గుడ్డ జానెడు చీలిపోయి ఉంది, లోపలి బూడిద రంగు పూత పెళ్లలు లేచింది. చీలిక అంచున ఎవరో పిల్లవాడు నమిలిన బబుల్‌గమ్ అంటించాడు. అది ఎండి రాయైపోయింది. అంటే చీలి ఎన్నాళ్లైందో మీరే ఊహించుకోండి. ఆ మెట్ల కింద కూర్చునే పిల్లలు లంచ్ తింటారు.

ఇప్పుడు పేరెంట్స్ గ్రూపులో కొందరి వాదన: మొత్తం పీకించెయ్యండి, వచ్చే వారమే. వాళ్ల కంగారు అర్థమవుతుంది గానీ, దీనికి నేను ఒప్పుకోను. బాగున్న షీటును సరిగ్గా పని రానివాళ్లతో పగలగొట్టిస్తే, అది అలా ఉండగా లేని దుమ్మంతా ఒక్క రోజులో లేపినట్టవుతుంది. పాడైనదాన్ని తీయించాలి, లేదా పైన సీలు వేయించాలి, అదీ ఆ పని తెలిసినవాళ్లతో, గదిని మూసి, తడిపి చెయ్యాలి. పొడి చీపురు, మామూలు వాక్యూమ్ క్లీనర్ రెండూ పనికిరావు. వాక్యూమ్ ఇంకా ఘోరం, ముందు నుంచి పీల్చి సన్నటి పోగుల్ని వెనక నుంచి గదంతా కొడుతుంది. గాలి పరీక్ష చేయిస్తే చాలదా అంటారు ఇంకొందరు. ఖాళీ గదిలో, ఎవరూ ఏమీ కదిలించని రోజున పరీక్ష చేస్తే రిపోర్టు బాగానే వస్తుంది మరి.

నేను ప్రిన్సిపాల్ గారికి రాసిచ్చింది ఒక్కటే. పనికి వచ్చిన ఏ మనిషైనా టూల్స్ బ్యాగు తెరవకముందే, రిజిస్టర్‌లో ఆ గది పేజీ చదివి సంతకం పెట్టాలి. చదవడం రాకపోతే పక్కన నిలబడి చదివి వినిపించాలి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు. "చూద్దాం, కమిటీలో పెడతాం" అన్నారు. ఆ గదికి మాత్రం తాళం వేయించారు, అది కూడా నేను అక్కడి నుంచి కదలనని కూర్చుంటే.

సాయంత్రం గేటు దగ్గర ఆ కుర్రాడు మళ్లీ కనిపించాడు. పని ఆగిపోయిందని, కూలి సగమే ఇచ్చారని నా మీద కోపంగానే ఉన్నాడు. అదీ న్యాయమే. బండి ఎక్కేముందు చొక్కా పట్టుకుని రెండుసార్లు టపటపా దులిపాడు. అలా దులపొద్దు, ఇంటికెళ్లి విడిగా నీళ్లలో ముంచెయ్యి, ఎవరినీ ముట్టుకోనివ్వకు అన్నాను.

"మా ఆవిడ ఉతుకుతుందిలే అన్నా" అని బండి స్టార్ట్ చేశాడు.