పోర్ట్స్‌మౌత్ వెళ్లి బ్యాగులు కొనుక్కొచ్చేవాళ్లకి

లండన్‌లో ఉన్న మా చుట్టాలందరిదీ ఒకటే పాట. "పోర్ట్స్‌మౌత్‌లో ఏముంది? గన్‌వార్ఫ్ కీస్‌లో డిస్కౌంట్ షాపులున్నాయి, స్పిన్నకర్ టవర్ ఎక్కండి, సాయంత్రం ట్రైనెక్కేయండి." టవర్ 170 మీటర్లు, పైనుంచి బాగానే ఉంటుంది, కాదనను. హ్యాండ్‌బ్యాగు కోసం సముద్రం దాకా పోవాలా అన్నదే నా బాధ.

మా తమ్ముడు అక్కడే మాస్టర్స్ చేస్తున్నాడు. వాడి గదికి ఫ్రాటన్ పార్క్, అంటే ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు స్టేడియం, పది నిమిషాల నడక. రాత్రి మ్యాచ్ ఉంటే గోల్ పడినప్పుడు కేక కిటికీలోంచి వినిపిస్తుందట. ఏడాదిన్నరలో లోపలికి మాత్రం ఒక్కసారీ వెళ్లలేదు. "శనివారం మూడింటికి మ్యాచ్ అక్కా, రెండింటికి నా షిఫ్ట్." వాడినేమీ అనలేం, అద్దె కట్టాలి. కానీ నేను వెళ్లిన వారం పోట్లాడి షిఫ్ట్ మార్పించాను.

ఆ ఊరు పోర్ట్సీ అనే దీవి మీద ఉంది. ట్రైన్‌లో వెళ్తే తెలీదు, పోర్ట్స్ క్రీక్ అనే సన్నటి పాయ దాటుతుంది, అంతే. నేను ఫోన్ చూసుకుంటూ దాన్ని కూడా మిస్సయ్యాను. మా అమ్మమ్మది కోనసీమలో లంక ఊరు. పాయ ఎంత సన్నదైనా సరే, లంకవాళ్లకి అవతలి గట్టువాళ్లు పరాయివాళ్లే. ఇక్కడా అదే వరస.

స్టేడియం అనగానే మనకి ఊరి బయట, చుట్టూ పార్కింగ్, పెద్ద గాజు కట్టడం గుర్తొస్తుంది. ఇది అలా కాదు. ఒకదానికొకటి అతుక్కున్న ఇళ్ల వరసల మధ్య నడుస్తుంటే, ఫ్రాగ్‌మోర్ రోడ్డు చివర నల్ల చెక్కల, తెల్ల గోడల పాతకాలపు ఇల్లులాంటిది అడ్డొస్తుంది. అదే గేటు! 1899 నుంచి ఆట అక్కడే. టికెట్ చూపించి లోపలికి దూరే దారి ఎంత ఇరుకంటే, నేను వీపున ఉన్న బ్యాగు తీసి ముందు పట్టుకోవాల్సి వచ్చింది. వెనకాల ఓ ముసలాయన "పర్లేదు, నెమ్మదిగా వెళ్లమ్మా" అన్నట్టు నవ్వాడు. లోపల ఎవరో గంట మోగిస్తూనే ఉన్నారు. జనం పాడే నినాదానికి బాణీ ఊళ్లోని గిల్డ్‌హాల్ గడియారం గంటలదట. అది తెలిశాక, మర్నాడు ఆ గడియారం మోగితే నాకు స్టేడియమే గుర్తొచ్చింది.

చరిత్ర కూడా తక్కువదేం కాదు. 1949లో, 1950లో ఈ క్లబ్బువాళ్లు ఇంగ్లండ్ ఛాంపియన్లు. 1939లో ఎఫ్ఏ కప్ (ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ) గెలిచారు, యుద్ధం వచ్చి పోటీలు ఆగిపోవడంతో 1946 దాకా కప్పు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. 2008లో మళ్లీ గెలిచారు. తర్వాత అప్పులు. పడి పడి నాలుగో డివిజన్‌కి పోయారు. 2013లో అభిమానులే తలా వెయ్యి పౌండ్ల వాటాలు వేసుకుని క్లబ్బుని కొనేసుకున్నారు. నాకు కళ్లు చెమర్చింది ఇక్కడే. నాలుగేళ్ల తర్వాత వాళ్లే ఓటేసి డిస్నీ మాజీ అధిపతి మైకేల్ ఐస్నర్‌కి అమ్మారు. అది మంచో చెడో వాళ్లే ఇంకా వాదించుకుంటున్నారు.

ఫుట్‌బాల్ చరిత్ర మనకీ ఉంది. మన హైదరాబాద్ పోలీస్ టీమ్ 1950 నుంచి 54 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ పోటీని వరసగా ఐదుసార్లు కొట్టింది. 1956 ఒలింపిక్స్‌లో మన దేశాన్ని నాలుగో స్థానానికి తెచ్చిన కోచ్ రహీం హైదరాబాదీయే. "అదంతా ఎక్కడ చూడొచ్చు?" అని ఆ ముసలాయన అడిగుంటే నేనేం చెప్పేదాన్ని?

సరే, మిగతా ఊరు. డాక్‌యార్డ్‌లో బ్రిటిష్ నౌకాదళ వీరుడు నెల్సన్ ఓడ విక్టరీ పెద్ద రిపేర్‌లో ఉంది, పరంజా కట్టేశారు, బెంగపడకండి. మేరీ రోజ్‌కి మాత్రం రెండు గంటలు పెట్టుకోండి. 1545లో మునిగిన ఓడని 1982లో పైకి తీశారు. బురదలో కూరుకున్న సగమే మిగిలింది, రెండో సగాన్ని సముద్రం తినేసింది. నేను ఎక్కువసేపు నిలబడింది ఫిరంగుల దగ్గర కాదు, నావికుల పేల దువ్వెనల దగ్గర! కొన్నిటి పళ్ల మధ్య అప్పటి పేలు కూడా దొరికాయట. ఆ ఓడ మునుగుతుంటే అప్పటి రాజు ఎనిమిదో హెన్రీ చూసిన సౌత్‌సీ కోట ఒడ్డునే ఉంది, దానికి కాస్త దూరంలో హోవర్‌క్రాఫ్ట్ ఎక్కితే ఐల్ ఆఫ్ వైట్ పది నిమిషాలు. చెవులు హోరెత్తుతాయి, పిల్లలకి భలే ఇష్టం.

ఖాళీ కుర్చీల ముందు సెల్ఫీ దిగి, క్లబ్ షాపులో మఫ్లర్ కొనుక్కొచ్చి "స్టేడియం చూశాం" అనకండి. మ్యాచ్ రోజే వెళ్లండి, ఫ్రాటన్ స్టేషన్లో దిగి నడవండి. మాకు టికెట్ ఆన్‌లైన్లో తీసుకోవడం పెద్ద తలనొప్పే అయింది, ముందునుంచే చూసుకోండి.

తమ్ముడు నిన్న ఫోన్ చేశాడు. మంగళవారం రాత్రి మ్యాచ్‌కి రూమ్మేట్లిద్దరినీ తీసుకెళ్తున్నాడట. "అక్కా, నీ మంకీ క్యాప్ ఇక్కడే మర్చిపోయావు, పెట్టుకోనా?" అన్నాడు.